ఇనిషోవెన్ గోడ పగులు సెనేట్‌దాకా: ఒక కేస్ స్టడీ

నా ఆఫీసు టేబుల్ సొరుగులో ఒక శాండ్‌విచ్ కవరు ఉంది. అందులో గుప్పెడు బూడిదరంగు పొడి, మధ్య మధ్య చిన్న గడ్డలు. కాస్త గట్టిగా నొక్కితే ఆ గడ్డలూ పొడైపోతాయి. కవరు మీద నీలం పెన్నుతో "వెనక పడగ్గది, ఏప్రిల్" అని రాసి ఉంటుంది. అది ఒక ఇంటి గోడ. ఐర్లండ్ ఉత్తరపు కొసన, డొనెగల్ కౌంటీలోని ఇనిషోవెన్ ద్వీపకల్పంలో ఒక ఇంటావిడ తన గోడలోంచి వేలితో గీకి తీసి నాకిచ్చింది.

ఐర్లండ్ పార్లమెంటు ఎగువసభలో ఒక సెనేటర్ దగ్గర సెక్రటేరియల్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. మాది గుంటూరు జిల్లా. మా ఆయన ఉద్యోగం డొనెగల్‌లోని లెటర్‌కెన్నీ పట్టణానికి మారడంతో నేనూ వచ్చాను. ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, సభలో మాట్లాడాల్సినది సిద్ధం చేయడం, ఆ తర్వాత దాని వెంటపడటం, ఇదీ నా పని. ఊరి నుంచి మావాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా "సెనేటర్ అంటే ఏం చేస్తారు? ఏం చేయించగలరు?" అని అడుగుతుంటారు. దానికి నా దగ్గరున్న నిజమైన జవాబు ఈ ఒక్క కేసు. సెనేటర్ పేరు, పార్టీ రాయను. ఆ ఇంటావిడ పేరు, ఊరు కూడా రాయను.

సెనేటర్ చేతిలో ఉన్నది

ఐరిష్‌లో షానడ్ అని పిలిచే ఈ సభలో 60 మంది ఉంటారు. 43 మందిని రంగాలవారీగా ఉండే అయిదు ప్యానెళ్ళ, అంటే అభ్యర్థుల జాబితాల, నుంచి ఎన్నుకుంటారు. ఆరుగురిని యూనివర్సిటీ పట్టభద్రులు ఎన్నుకుంటారు. మిగతా 11 మందిని టీషక్, అంటే ప్రధానమంత్రి, నామినేట్ చేస్తారు. ఆ 43 మందికి ఓటు వేసేది మామూలు జనం కాదు. దేశం మొత్తం మీద ఉన్న 949 మంది కౌన్సిలర్లు, కింది సభ అయిన డాయిల్‌కు కొత్తగా ఎన్నికైనవాళ్ళు, పదవి ముగుస్తున్న సెనేటర్లు. మన దగ్గర స్థానిక సంస్థల కోటా ఎమ్మెల్సీ, పట్టభద్రుల ఎమ్మెల్సీ అంటాం కదా, ఇంచుమించు అదే పద్ధతి. రాజ్యసభకు రాష్ట్రపతి 12 మందిని నామినేట్ చేసే ఏర్పాటు కూడా మనం ఐర్లండ్ రాజ్యాంగం నుంచే తీసుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో శాసనమండలి వద్దని 2020లో తీర్మానం చేసి, 2021లో వెనక్కి తీసుకున్నారు. ఇక్కడ ఆ ప్రశ్న నేరుగా జనం ముందుకే వెళ్ళింది. 2013 అక్టోబరు 4న రెఫరెండం పెడితే 51.7 శాతం మంది సభను ఉంచమన్నారు.

ఇందులో నేను రోజూ గుర్తుపెట్టుకునే సంగతి ఒకటుంది. ఆ కవరు ఇచ్చిన ఇంటావిడకు మా సెనేటర్‌ను గెలిపించే ఓటు లేదు, ఓడించే ఓటూ లేదు. ఆ ఓటు ఉన్నది ఆవిడ ఊరి కౌన్సిలర్‌కు. అందుకే స్థానిక సమస్య ఏదైనా మా ఆఫీసుకు కౌన్సిలర్ ఫోన్ మీదుగానే వస్తుంది. ఓట్ల కోసం కౌన్సిలర్లను మంచి చేసుకుంటారని సెనేటర్లను విమర్శించేవాళ్ళున్నారు. నేను దగ్గర్నుంచి చూసినదాన్ని బట్టి చెబుతున్నాను, ఏ ఇంట్లో ఏ గోడ పగిలిందో పార్లమెంటుకంటే ముందు తెలిసేది కౌన్సిలర్‌కే. ఆ దారి మూసుకుపోతే మాకు చాలా సంగతులు తెలియనే తెలియవు.

ఇక అధికారం సంగతి. బిల్లును ఈ సభ 90 రోజులు ఆపగలదు, ద్రవ్య బిల్లు అయితే 21 రోజులే. రాజ్యసభ సభ్యుడిలా ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిని ప్రశ్న అడిగే హక్కు సెనేటర్‌కు లేదు. పార్లమెంటరీ ప్రశ్న వేసే హక్కు డాయిల్ సభ్యులది, అంటే టీడీలది. సెనేటర్‌కు మిగిలేవి ముఖ్యంగా రెండు. ఒకటి, సభ ఎజెండా ప్రకటించే 'ఆర్డర్ ఆఫ్ బిజినెస్' వేళ లేచి తన విషయం క్లుప్తంగా ప్రస్తావించడం. దానికి సభానాయకుడో నాయకురాలో జవాబిస్తారు, మంత్రి రారు. రెండోది 'కమెన్స్‌మెంట్ మ్యాటర్'. ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, వచ్చినవాటిలోంచి సభాపతి కొన్నింటిని ఎంపిక చేస్తారు, ప్రభుత్వం తరఫున ఒక మంత్రి వచ్చి కూర్చుంటారు. సెనేటర్‌కు 4 నిమిషాలు, మంత్రికి 4 నిమిషాలు, ఆ తర్వాత సెనేటర్‌కు మరో నిమిషం. నా ఉద్యోగంలో సగం ఆ అయిదు నిమిషాల చుట్టూనే తిరుగుతుంది.

ఇల్లు

డొనెగల్, మేయో కౌంటీల్లో వేల ఇళ్ళ గోడలు లోపలి నుంచి పాడైపోతున్నాయి. కారణం కాంక్రీట్ బ్లాకులు. ఆ బ్లాకుల్లో కలిపిన రాయిలో ఉండకూడని ఖనిజాలు ఉన్నాయి. మొదట్నుంచీ జనం నోట్లో నానిన మాట 'మైకా', అంటే మన అభ్రకం. మేయోలో పైరైట్ అనే ఇంకో ఖనిజం. అయితే డొనెగల్‌లో అసలు దోషి పైరోటైట్ అనే ఇనుప సల్ఫైడ్ అని 2023లో వచ్చిన పరిశోధనలు చెప్పాయి. తేమ, గాలి తగిలితే అది మారిపోయి బ్లాకును లోపలి నుంచే తినేస్తుంది. ఇనిషోవెన్‌లో తేమకు కొదవేముంది? అట్లాంటిక్ మీద నుంచి వచ్చే వానగాలి ఏడాదంతా పడమటి గోడను కొడుతూనే ఉంటుంది.

ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ 2017లో నివేదిక ఇచ్చింది. ఇంటికి పరీక్షలు ఎలా చేయాలో చెప్పే ప్రమాణం 2018లో వచ్చింది. సాయం చేసే పథకం 2020లో మొదలైంది. ఖర్చులో 90 శాతం ప్రభుత్వం, 10 శాతం ఇంటివాళ్ళు. ఇల్లు మొత్తం కూల్చి కట్టాల్సి వస్తే లెక్కలోకి తీసుకునే గరిష్ఠ ఖర్చు 2,75,000 యూరోలు, అందులో గ్రాంటు 2,47,500. కాగితం మీద చూస్తే మంచి పథకమే.

మా సెనేటర్‌తో కలిసి ఆ ఇంటికి వెళ్ళింది 2021 ఏప్రిల్ చివర్లో. కోవిడ్ నిబంధనల వల్ల లోపలికి అడుగుపెట్టలేదు. మాస్కులు పెట్టుకుని పెరట్లో నిలబడ్డాం. ఆవిడ టీ కప్పులు కిటికీ గట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది. అరవై దాటిన మనిషి, భర్త పోయి కొన్నేళ్ళయింది, దుస్తుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. 2000 తర్వాత, అందరూ ఇళ్ళు కట్టుకుంటున్న రోజుల్లో, భార్యాభర్తలిద్దరూ కూడబెట్టి కట్టుకున్న ఇల్లు. ఇల్లు కట్టి చూడు అని మనం ఊరికే అనుకోం కదా. గోడకు సున్నం లాంటి తెల్ల రంగు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు నేలవైపు దిగింది. అక్కడి నుంచి సాలెగూడులా చిన్న చిన్న పగుళ్ళు.

ఆ పెద్ద పగులుకు అడ్డంగా పెన్సిల్ గీతలున్నాయి. ప్రతి గీత పక్కనా ఒక తేదీ. పగులు ఎంతవరకు పాకిందో అంతవరకు గీత. పిల్లల ఎత్తు కొలుస్తూ తలుపు చట్రం మీద గీసినట్టు. కింది గీతలకు దగ్గరగా వచ్చేకొద్దీ తేదీల మధ్య ఎడం తగ్గిపోయింది. ఆవిడ కిటికీ తెరిచి లోపలి గోడ చూపించింది. మంచం గోడ పక్కన లేదు, గది మధ్యకు జరిపి ఉంది. "గాలి పెద్దగా వీచిన రాత్రి నిద్రపోను, హాల్లో కుర్చీలో కూర్చుంటాను" అంది.

తర్వాత బయటికొచ్చి, ప్లాస్టర్ ఊడిన చోట వేలు పెట్టి గీకింది. గోరుతో గీకితే బ్లాకు రాలింది. తడిసిన బిస్కెట్ ఎలా విరుగుతుందో అలా. "ఇది అక్కడ చూపించండి" అని కవర్లో పోసి ఇచ్చింది.

చూపించలేం. సభలో వస్తువులు ప్రదర్శించడం మర్యాద కాదు, సభాపతి అడ్డుకుంటారు. ఆ మాట ఆవిడకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా సెనేటర్ చెప్పారు, కవరు మాత్రం నేను తీసుకున్నాను.

మొదటిసారి ఎందుకు తేలిపోయింది

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. అప్పటికే ఒకసారి, 2020 శరదృతువులో, మేం ఇదే విషయం సభలో పెట్టాం. అది సరిగ్గా జరగలేదు. తప్పు నాది. ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు అదే ఎక్కువ పనికొస్తుంది.

కమెన్స్‌మెంట్ మ్యాటర్ నోటీసుకు ఒక మూస ఉంది. 'ఫలానా మంత్రి ఫలానా విషయం మీద ప్రకటన చేయాల్సిన అవసరం' అని మొదలుపెట్టాలి. ఒక్క వాక్యమే. నేను 'లోపభూయిష్టమైన కాంక్రీట్ బ్లాకుల పథకం అమలు మీద మంత్రి ప్రకటన చేయాల్సిన అవసరం' అని రాశాను. అంతా వచ్చేసిందనుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను. మంత్రి చదివే జవాబును శాఖ అధికారులు ముందే తయారుచేస్తారు, అదీ ఆ ఒక్క వాక్యాన్ని చూసి. వాక్యం వెడల్పుగా ఉంటే జవాబూ వెడల్పుగానే వస్తుంది. పథకం ఎప్పుడు మొదలైంది, ఎన్ని దశలు, ఎంత గ్రాంటు, ప్రభుత్వం ఎంత కట్టుబడి ఉంది. ప్రతి వాక్యమూ నిజమే, ఒక్కటీ మాకు పనికిరాదు.

పైగా ప్రసంగంలో అయిదు ప్రశ్నలు పెట్టాను. 10 శాతం భారం, అద్దె, పరీక్షల ఖర్చు, బీమా, తాకట్టు. అయిదు అడిగితే ఎదుటివాళ్ళు సులువైన రెండింటికి జవాబు చెప్పి కూర్చుంటారు. వచ్చింది కూడా శాఖ మంత్రి కాదు, వేరే శాఖ సహాయ మంత్రి. సెనేటర్లందరూ తరచూ చేసే ఫిర్యాదే ఇది. వచ్చినవాళ్ళకు విషయం మీద పట్టు ఉండదు, కాగితం మీద ఉన్నది చదవడం తప్ప వేరే దారి ఉండదు.

ఆ రోజు సాయంత్రం కౌన్సిలర్‌కు రికార్డు పంపితే ఒకే మాట వెనక్కి వచ్చింది. "ఇది మా ఊళ్ళో ఎవరికి చూపించను?"

ఒక్క ప్రశ్న

ఏప్రిల్‌లో ఆ ఇంటి నుంచి తిరిగి వస్తూ కారులో మా సెనేటర్ అడిగారు, "ఆవిడ దరఖాస్తు చేసిందా?" అని. నేను అడగలేదు. ఇంటికెళ్ళి ఫోన్ చేశాను. చేయలేదట.

దరఖాస్తు చేయాలంటే ముందు ఇంజనీరును పెట్టుకోవాలి. గోడల్లోంచి డ్రిల్లుతో స్తంభాల్లాంటి ముక్కలు తీసి ల్యాబుకు పంపాలి. ల్యాబు రిపోర్టుతో పాటు ఇంజనీరు రిపోర్టు పెడితేనే మొదటి దశ దరఖాస్తు. ఆ ఖర్చు దాదాపు అయిదు వేల యూరోలు, చాలామందికి ఇంకా ఎక్కువే అయింది. మంజూరయ్యాక ఆ ఖర్చూ లెక్కలో కలుపుకోవచ్చు, కానీ ముందు జేబులోంచి పెట్టాలి. "నా దగ్గర అంత లేదమ్మా" అంది ఆవిడ, ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి.

మాకు కావాల్సింది అదే. ఇల్లు కూలుతున్న మనిషి పథకం గడప దాటలేకపోయింది. ఆవిడ దరఖాస్తు చేయలేదు కాబట్టి ఏ రిజిస్టర్‌లోనూ లేదు. కౌంటీ కౌన్సిల్ లెక్కపెట్టేది వచ్చిన దరఖాస్తులను. రానివాళ్ళను ఎవరు లెక్కపెట్టారు?

మర్నాటి నుంచి నోట్‌బుక్‌లో ఒక పేజీ తెరిచాను. ఆఫీసుకు ఫోన్ చేసిన ఇంటివాళ్ళందరినీ ఒకటే అడిగేదాన్ని: పరీక్ష చేయించారా, లేదా? ఎందుకు చేయించలేదు? డబ్బు లేక ఆగిపోయామన్నవాళ్ళ పేర్లు ఆ పేజీలో రాశాను. కౌన్సిలర్ తన వైపు నుంచి మరికొందరిని చెప్పారు. పది రోజులకు పేజీ నిండింది. అదేమీ సర్వే కాదని మాకు తెలుసు, సర్వే అని ఎక్కడా చెప్పుకోలేదు కూడా.

అదే సమయంలో మా సెనేటర్ తనకు తెలిసిన ఒక టీడీని సాయం అడిగారు. సెనేటర్‌కు లేని హక్కు టీడీకి ఉంది కాబట్టి, ఆయన పేరు మీద డాయిల్‌లో రాతపూర్వక ప్రశ్న వేయించాం. ఎన్ని దరఖాస్తులు వచ్చాయో లెక్క వచ్చింది. రానివాళ్ళ గురించి అందులో ఏమీ లేదు. ఇప్పుడు ఆ ఖాళీ మా చేతిలో లిఖితంగా ఉంది.

నోటీసు వాక్యం రాయడానికి నాకు ఒక సాయంత్రం అంతా పట్టింది. చివరకు నిలిచింది ఇదీ: 'పరీక్షల ఖర్చు ముందుగా పెట్టుకోలేక పథకానికి దరఖాస్తు చేయని ఇళ్ళు ఎన్నో, ఆ ఖర్చును ముందే చెల్లించే ఏర్పాటు ఉందో లేదో మంత్రి సభకు చెప్పాల్సిన అవసరం.' దీనికి పథకం చరిత్ర చదివితే జవాబు అవదు. లెక్క ఉండాలి, లేదా లెక్క లేదని ఒప్పుకోవాలి.

ప్రసంగం వంటింట్లో నిలబడి ఫోన్లో టైమర్ పెట్టుకుని చదివాను. ఇంగ్లిష్‌లో అయిదొందల మాటలు దాటితే 4 నిమిషాల్లో పట్టదు, పైగా మా సెనేటర్ మధ్యలో ఊపిరి పీల్చుకుని జనం వైపు చూసి మాట్లాడే మనిషి. నాలుగు వందల యాభైకి దించాను. మొదటి చిత్తులో పగుళ్ళ వర్ణన ఒక పేరా నిండా ఉంది. తీసేశాను. పెన్సిల్ గీతలు, తేదీలు ఉంచాను. డబ్బు సంగతి చెప్పడానికి ఒకే పోలిక పెట్టాను. ఆ ఏడాది, ఉద్యోగంలో ఉండగా చందా కట్టినవాళ్ళకిచ్చే పూర్తి ప్రభుత్వ పింఛను వారానికి 248.30 యూరోలు. పరీక్షల ఖర్చు అంటే ఇరవై వారాల పింఛను. తిండి, కరెంటు, మందులు అన్నీ మానేసి ఇరవై వారాలు దాస్తే తన ఇల్లు పాడైందని నిరూపించుకోవచ్చు. ఈ పోలిక కోసం ఎక్కడా వెతకలేదు, ఆవిడ ఫోన్లో చెప్పిన లెక్కే అది.

ఒక విషయంలో ఇంటివాళ్ళకూ మాకూ గట్టి వాదన జరిగింది. బ్లాకులు అమ్మినవాళ్ళ పేరు సభలో చెప్పమని వాళ్ళు పట్టుబట్టారు. సభలో అన్న మాటకు సభ్యుల మీద కోర్టులో కేసు పెట్టలేరు, రాజ్యాంగంలోని 15వ అధికరణం ఆ రక్షణ ఇచ్చింది. మరి చెప్పడానికి భయమెందుకు అన్నారు. భయం కాదు. అక్కడ లేనివాళ్ళ, జవాబు చెప్పుకోలేనివాళ్ళ పేరెత్తి నిందించకూడదన్నది సభాపతులు ఎప్పటినుంచో పాటిస్తున్న నియమం. పేరెత్తగానే సభాపతి కలగజేసుకుంటారు, ఉన్న 4 నిమిషాల్లో ఒక నిమిషం ఆ గొడవకే పోతుంది, మర్నాడు రేడియోలో వచ్చేది ఆ గొడవే. ఇంటావిడ గోడ వెనక్కి పోతుంది. వాళ్ళ కోపం న్యాయమైనదని నాకు తెలుసు. అయినా ఆ పేరు నేను రాయలేదు, ఈ రోజుకీ అది సరైన నిర్ణయమనే అనుకుంటున్నాను.

తర్వాత వచ్చే ఆ ఒక్క నిమిషం కోసం రెండు చిన్న కాగితాలు సిద్ధం చేశాను. 'మంజూరయ్యాక ఖర్చు తిరిగి వస్తుంది' అని మంత్రి అంటే ఒకటి. 'పరిశీలిస్తాం' అంటే ఇంకొకటి.

ఆ రోజు

మే నెలలో ఒక ఉదయం. కోవిడ్ వల్ల నేను లెటర్‌కెన్నీ నుంచే లైవ్‌లో చూశాను. కౌన్సిలర్ తన ఇంట్లో, ఇంటావిడ తన హాల్లో. మళ్ళీ సహాయ మంత్రే వచ్చారు. మా సెనేటర్ మొదలుపెట్టగానే నాకు టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. ఇరవై వారాల పింఛను అన్న చోట ఒక క్షణం ఆగారు. ఆ ఆగడం నేను రాసింది కాదు.

జవాబు అనుకున్నట్టే మొదలైంది. పథకం, దశలు, గ్రాంటు. మూడో నిమిషంలో ఆ వాక్యం వచ్చింది: మంజూరయ్యాక ఖర్చు లెక్కలోకి వస్తుందని. మా సెనేటర్ మొదటి కాగితం తీశారు. "తిరిగి వస్తుందన్నారు, సంతోషం. ముందు పెట్టడానికే లేనివాళ్ళు ఎంతమంది? ఆ లెక్క మీ దగ్గర ఉందా?" అంతే, ముప్ఫై సెకన్లు కూడా కాలేదు.

సహాయ మంత్రి కాగితం వైపు చూసి, దాన్ని పక్కన పెట్టారు. ఆ లెక్క తమ దగ్గర లేదని, విషయాన్ని మంత్రి దృష్టికి తీసుకెళతానని చెప్పారు. మంచి మనిషి, మాటలో నిజాయితీ కనిపించింది. దాన్ని నేను చిన్నచూపు చూడను. తయారుచేసిన జవాబులో లేని మాట సొంతంగా చెప్పడానికి ధైర్యం కావాలి.

బయటివాళ్ళకు ఇది ఓటమిలా కనిపిస్తుంది. "లెక్క లేదు" అన్న మాట రాబట్టడానికి ఇంత శ్రమా అని మా ఆయన కూడా అన్నారు. కానీ ఈ పనిలో ఆ మాట విలువ వేరు. అది అధికారిక రికార్డులోకి ఎక్కింది. దరఖాస్తుల సంఖ్యను చూపించి సమస్య ఇంతేనని ఇక ఎవరూ అనలేరు, లెక్కలోకి రానివాళ్ళు ఉన్నారని ప్రభుత్వమే చెప్పింది.

రికార్డు వెంట

సభలో మాట్లాడటంతో సగం పనే అయింది. ఆ సాయంత్రం రికార్డు ప్రతిని కౌన్సిలర్‌కు, ఇంటివాళ్ళ సంఘానికి, స్థానిక రేడియోకు, ప్రశ్న వేసిన టీడీకి పంపాను. ఇంటావిడకు పోస్టులో పంపాను, ఆవిడకు కంప్యూటర్ లేదు. కౌన్సిలర్ ఈసారి "ఎవరికి చూపించను?" అని అడగలేదు, ఇరవై కాపీలు తీయించారు. మేయో, క్లేర్ సెనేటర్ల ఆఫీసులకూ పంపాం. మేయో వాళ్ళు తమ ఇళ్ళ కథ చెప్పారు, క్లేర్ వాళ్ళు తమకు పథకమే లేదన్నారు. ఇనిషోవెన్ గోడ అప్పటికి దేశం గోడ అయింది. ఇంకో పాత ప్రశ్న కూడా అందరి నోటా మొదలైంది. డబ్లిన్ చుట్టుపక్కల పైరైట్ వల్ల నేలలు ఉబ్బిన ఇళ్ళకు 2013 చట్టం తర్వాత ఇంటివాళ్ళ మీద వాటా భారం వేయకుండానే మరమ్మతు చేయించారు. డొనెగల్‌కు 90 శాతం ఎందుకు?

నిజాయితీగా ఒకటి చెప్పాలి. తర్వాత వచ్చిన మార్పు మా అయిదు నిమిషాల వల్ల వచ్చింది కాదు. 2021 జూన్ 15న ఇంటివాళ్ళు వేలమంది డబ్లిన్ వీధుల్లో నడిచారు, అక్టోబరు 8న మళ్ళీ నడిచారు, '100 శాతం పరిహారం' అన్న అట్టలు పట్టుకుని. తెల్లవారకముందే బస్సులెక్కి, నాలుగు గంటల ప్రయాణం చేసి వచ్చిన పెద్దవాళ్ళు ఎంతోమంది ఉన్నారు అందులో. మార్పు తెచ్చింది వాళ్ళు. మేం చేసింది ఒకటే, ఆ నడకలో ఒక ప్రశ్నకు పార్లమెంటు రికార్డులో చోటు ఉండేలా చూశాం.

ఆ ఏడాది నవంబరు 30న ప్రభుత్వం కొత్త పథకం ప్రకటించింది. అంచనా ఖర్చు 220 కోట్ల యూరోలు, ఒక ఇంటికి గరిష్ఠంగా 4,20,000, వాటా లేకుండా. 2022 జులైలో చట్టం వచ్చింది, 2023 వేసవిలో పథకం మొదలైంది. క్లేర్, లిమరిక్ చేరాయి, తర్వాత స్లైగో కూడా. 2024లో గరిష్ఠం 4,62,000కు పెరిగింది. నాకు అన్నిటికంటే ముఖ్యమైన మార్పు చిన్నది, వార్తల్లో పెద్దగా రానిది. దరఖాస్తుకు ముందు ఇంటివాళ్ళు చేయించాల్సింది కొన్ని వందల యూరోల ప్రాథమిక పరిశీలన మాత్రమే. గోడలు తొలిచే పరీక్షలు హౌసింగ్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ నియమించే ఇంజనీర్లు చేస్తారు, ఖర్చు దానిదే. గడప ఎత్తు తగ్గింది.

సమస్య అక్కడితో ఆగలేదు. ఈ ఖర్చు కోసం కాంక్రీటు మీద 10 శాతం లెవీ వేస్తామని 2022 సెప్టెంబరు బడ్జెట్‌లో ప్రకటించి, తర్వాత 5 శాతానికి తగ్గించి 2023 సెప్టెంబరు 1 నుంచి అమలు చేశారు. దేశంలో ఏ మూల ఇల్లు కట్టుకునేవాళ్ళయినా అది మోయాల్సిందే. కార్క్ నుంచి, వెక్స్‌ఫర్డ్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. డొనెగల్ గోడకు మేమెందుకు కట్టాలి అని. ఇనిషోవెన్ ఇంటావిడ కూడా అదే అడిగింది, ఇంకో కోణం నుంచి: "బ్లాకులు చేసినవాళ్ళు కట్టాల్సింది కొత్త ఇల్లు కట్టుకునే పిల్లలతో ఎందుకు కట్టిస్తున్నారు?" ఆ వాక్యాన్ని ఆవిడ మాటల్లోనే ఆర్డర్ ఆఫ్ బిజినెస్‌లో చదివారు మా సెనేటర్. స్థానిక సమస్య ఎక్కడ ముగిసి దేశ సమస్య ఎక్కడ మొదలవుతుందో ఈ కేసులో గీత గీయలేం.

ఇంటివాళ్ళలోంచి 2023లో ఒక పార్టీయే పుట్టింది, '100 శాతం రిడ్రెస్', అంటే 100 శాతం పరిహారం, అని. 2024 జూన్ స్థానిక ఎన్నికల్లో డొనెగల్‌లో నలుగురు కౌన్సిలర్లు గెలిచారు, ఏడాది చివర్లో ఒకరు డాయిల్‌కూ వెళ్ళారు. ఆ నలుగురికీ 2025 జనవరి సెనేట్ ఎన్నికల్లో ఓటు ఉండింది. మొదట నేను రాసిన ఓటు సంగతి ఇలా తిరిగి వచ్చింది. సెనేటర్‌ను ఎన్నుకునేవాళ్ళలో ఇప్పుడు పగిలిన ఇళ్ళ తరఫున నిలబడి గెలిచినవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకా తేలని విషయం పునాదులు. గోడలు కూల్చి కొత్తవి కట్టినా, అదే రాయితో పోసిన పునాది కింద అలాగే ఉంటే ఏమిటన్నది ఇంటివాళ్ళ ప్రశ్న. దాని మీద నోటీసు చిత్తు నా టేబుల్ మీదే ఉంది. 'అవసరం' అన్న మాట దగ్గర ఆగి ఉంది, వాక్యం ఇంకా వెడల్పుగానే ఉంది.

ఇంటావిడ కొత్త పథకంలో దరఖాస్తు చేసింది. కాగితాలు నింపడానికి నేనే వెళ్ళాను, ఈసారి లోపల కూర్చుని టీ తాగాను. మంచం ఇంకా గది మధ్యలోనే ఉంది. గోడ మీద పెన్సిల్ గీతలు నేలకు తాకాయి, చివరి తేదీ తర్వాత ఆవిడ గీయడం మానేసింది. నోట్‌బుక్ పేజీలో ఆవిడ పేరు ఆ రోజే కొట్టేశాను. ఆ పేజీలో కొట్టేయని పేర్లు మూడున్నాయి. వాళ్ళు ఇంకా దరఖాస్తు చేయలేదు. నెల మొదటి వారంలో వాళ్ళకు ఫోన్ చేస్తాను.